పేరు తర్వాత వచ్చింది

పేరుమోసిన సంగీతకారులు జట్టు కడితే పాశ్చాత్యులు దాన్ని ‘సూపర్ గ్రూప్’ అంటారు. 1966 నాటి క్రీమ్ అలాంటిది. 1988లో జార్జ్ హారిసన్, బాబ్ డిలాన్, రాయ్ ఆర్బిసన్, టామ్ పెటీ, జెఫ్ లిన్ కలిసి ట్రావెలింగ్ విల్బరీస్ అయ్యారు. రికార్డింగులో దొర్లే తప్పులకు హారిసన్, లిన్ సరదాగా వాడుకున్న మాటే వాళ్ల పేరు. మనకూ అలాంటి జట్టు ఉండేదని కొందరు నెల్లూరు బిడ్డ ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం నడిపిన కచేరీ బృందాన్ని చూపిస్తారు. అందులో ఇళయరాజా గిటారు, తర్వాత హార్మోనియం వాయించారు. ఆయన సోదరుల్లో భాస్కర్ తాళవాద్యాలు, గంగై అమరన్ గిటారు. పోలిక ముచ్చటగానే ఉంది గానీ, చరిత్రగా నిలవదు.

బాలు జీవితకథల్లో ఈ బృందం ముందు, సినిమా పాట తర్వాత వస్తాయి. తేదీలు చూస్తే ఈ వరసే అనుమానించాల్సి వస్తుంది. బాలు ఇంజనీరింగ్ చదువు కోసం మద్రాసు చేరి, 1966 డిసెంబర్ 15న ఎస్పీ కోదండపాణి సంగీతంలో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’కు తొలి పాట పాడారు. ఇళయరాజా ధన్‌రాజ్ మాస్టారి దగ్గర శిక్షణ మొదలుపెట్టింది 1968లో. వాళ్లకు అంతకుముందే పరిచయం లేదని దీన్నిబట్టి తేల్చలేం. అయినా ఈ స్నేహం వేళ్లూనుకున్న కాలాన్ని తొలి పాటకు ముందు కాక, తర్వాతికి జరిపి చూడడమే సబబు. అలాగైతే బాలు అప్పటికే పేరున్నవాడు కదా, 1969లో ‘అడిమై పెణ్’లో ఎంజీఆర్‌కు పాడాడు కదా అనవచ్చు. నిజమే. కానీ పేరున్నది ఒక్కరికే. ఇళయరాజా సంగీత దర్శకుడు జీకే వెంకటేశ్ దగ్గర పనిచేస్తూ, ‘అన్నక్కిళి’ దాకా, అంటే 1976 దాకా, తన పేరుతో ఒక సినిమా కోసం ఎదురుచూశారు. పేరున్నవాళ్లు కలిసిన జట్టు కాదిది. కలిసి వాయించినవాళ్లలో కొందరికి తర్వాత పేరొచ్చింది. మద్రాసులో నాలుగు కచేరీలు దొరికితే పూట గడిచే రోజుల్లో వాళ్లను కలిపింది స్నేహం ఒక్కటే అనడం, కడుపు సంగతి మరిచి చెప్పే మాట.

పేర్ల కథా ఇదే చెబుతుంది. ఈ అన్నదమ్ములు ‘పావలర్ బ్రదర్స్’ అనిపించుకున్నది పెద్దన్న పావలర్ వరదరాజన్ పేరు మీద. రాజాకు ‘ఇళయ’ చేరింది అప్పటికే గాయకుడు ఏఎం రాజా ఉన్నందువల్ల. విల్బరీస్‌లా సరదాకు పెట్టుకున్న పేర్లు కావివి. ఉన్నవాళ్ల నీడలో చోటు చేసుకున్న పేర్లు.

ఇప్పుడు ఆ స్నేహాన్ని పురాణం చేస్తున్నవాళ్లు 2017లో పాటల హక్కుల మీద ఇళయరాజా బాలుకు పంపిన లాయరు నోటీసును తొందరగా దాటేస్తారు. తర్వాత ఇద్దరూ ఒక వేదిక మీదికి వచ్చిన మాట నిజమే. అయినా, ఎవరి పాట ఎవరిదన్న లెక్క పేరొచ్చాకే పుట్టిందని ఆ నోటీసే సాక్ష్యం. 2020లో బాలు పోయాక నెల్లూరులోని ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు ఆయన పేరు పెట్టారు. సముచితమే. అదే బృందంలో హార్మోనియం వాయించిన అనిరుద్ధ పేరు మాత్రం సూపర్ గ్రూప్ అని మురిసేవాళ్లు ఎవరూ తలచరు.