కాపురమే కంపెనీ

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్లి సందడిలో వనారస గోవిందరావు ‘కీచక వధ’ ఆడించారు. అంతవరకూ మరాఠీ మూలాలున్న ఆ ఆరె కుటుంబాల బతుకుతెరువు తోలుబొమ్మలాట. తెర వెనక బొమ్మల్ని ఆడించినవాళ్లు ఆనాడు తెర ముందుకొచ్చి తామే వేషాలు కట్టారు. ఊరి పేరు కంపెనీ పేరైంది, పోనుపోనూ ఇంటిపేరే అయింది. నూట నలభై ఏళ్లు నిండాయి.

మా గద్వాల జిల్లా రాజోలి వైపు నాటకం తీరు వేరు. పంట ఇల్లు చేరాక నలుగురు రైతులు కూడి హార్మోనియం మాస్టారును పిలిపించుకుంటారు. రాత్రిళ్లు పద్యాలు గొంతుకు పట్టించుకుని, ఒక రాత్రి ఊరంతా కూర్చుంటే ‘కురుక్షేత్రం’ ఆడతారు. డ్రెస్సులు, సీనరీలు అద్దెకు. ఆడవేషాలకు బయటి ఆర్టిస్టులు. ఆ పాండవ నాటకాల పద్యాలు కట్టిన తిరుపతి వేంకట కవులు మన గద్వాల, వనపర్తి సంస్థానాలకు వచ్చి అవధానాలు చేసినవాళ్లే, ఆ గర్వం మనకుంది. కాకపోతే నాటకం ముగిసిన మర్నాడు మాస్టారు పెట్టె సర్దుకుంటాడు. మళ్లీ పిలిచేదాకా నేర్పేవాడు ఉండడు.

సురభిలో మాస్టారు ఎక్కడికీ పోడు. ఆయన తాతో మేనమామో అయి ఉంటాడు. రాజోలి నేతింట్లో పిల్లలు కండెలు చుడుతూ చుడుతూ మగ్గం గుంటలోకి దిగినట్టే, అక్కడి పిల్లలు ముందు బాలకృష్ణుడు, ప్రహ్లాదుడు, లవకుశులు. గొంతు మారే వయసులో వేషం దొరక్కపోతే తాళ్లు లాగాలి, తెరలకు రంగులద్దాలి, లైట్లు పట్టుకోవాలి. మీసం వచ్చాక మళ్లీ ముఖానికి రంగు. ఆడపిల్లలకూ అంతే. మగవాళ్లు చీరలు కట్టి ద్రౌపదులైన రోజుల్లోనే సురభి స్త్రీలు స్త్రీ పాత్రలు వేశారు. మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి పాత్ర వేసిన కమలాబాయి ఆ ఇంటి బిడ్డే. తల్లి దమయంతి వేషంలో ఉండగా నొప్పులొచ్చి, తెర దించితే స్టేజీ మీదే ఆమె పుట్టిందని చెప్పుకుంటారు.

‘మాయాబజార్’లో ఘటోత్కచుడి ముందు లడ్డూలు ఒక్కొక్కటే పళ్లెంలోంచి లేచి నోట్లోకి వెళ్తాయి. జనం నవ్వుతారు, పిల్లలు నోళ్లు వెళ్లబెడతారు. పక్క తెర చాటున ఒకడు కనపడని దారాన్ని పట్టుకుని పాట తాళం మీదే చెయ్యి ఆడిస్తుంటాడు. రెప్పపాటు ముందు లాగితే లడ్డూ ముక్కుకి తగులుతుంది. యుద్ధం సీనులో బాణాలు తీగల మీద ఎదురెదురుగా దూసుకొచ్చి నడిమధ్య ఢీకొనాలి, అక్కడ నిప్పు రాలాలి. ఏ పుస్తకంలోనూ లేని లెక్కలివి, చేతికి తెలియాలి. వేషగాడికి చప్పట్లు, దారం పట్టినవాడికి మాత్రం తప్పితేనే పేరు!

ఇలాంటి కంపెనీని నడపడమంటే దర్శకత్వం ఒక్కటే కాదు. వంటపొయ్యి, రేకుల హాలు, టికెట్ల డబ్బు, అలిగిన అల్లుడు, కాన్పుకు దగ్గరైన కథానాయిక అన్నీ నడిపేవాడి నెత్తినే. సినిమా వచ్చాక సురభి కుటుంబాల కంపెనీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1937లో జిమిడిపేటలో మొదలైన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని రేకందార్ నాగేశ్వరరావు, అందరికీ సురభి బాబ్జీ, హైదరాబాదులో నిలబెట్టారు. 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో కన్నుమూశారు. నా దృష్టిలో ఆయన చేసిన పెద్ద పని కుటుంబాల్ని ఒక్కచోట ఉంచడం. కుటుంబం చెదిరితే నేర్పేవాళ్లూ చెదిరినట్టే.

అలాగని తలుపులు మూసుకుని కూర్చోలేదు. 1990ల్లో బి.వి. కారంత్ వచ్చి వాళ్లతో ‘భీష్మ’ చేయించారు, జర్మన్ నాటకకర్త బ్రెష్ట్ నాటకాన్ని ‘బస్తీ దేవత యాదమ్మ’గా ఆడించారు. జాతీయ నాటక విద్యాలయానికి డైరెక్టరుగా పనిచేసిన మనిషి, తెరలు ఎత్తి దించే ఈ పాత కంపెనీలో కూర్చుని పనిచేశారంటే అక్కడ నేర్చుకోదగింది ఏదో ఆయనకూ కనిపించే ఉంటుంది.

హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రంగస్థల శాఖ ఉంది, చదివినవాళ్లకు పట్టా చేతికొస్తుంది. సురభి పిల్లకు పట్టా లేదు. నాటక బృందాలకు కేంద్రం ఇచ్చే రెపర్టరీ గ్రాంటులో మాత్రం గురువు ఒకరు, మిగిలినవాళ్లు శిష్యులు. సురభిలో పద్యం నేర్పేది ఒకరు, జడ అల్లుతూ నడక దిద్దేది ఇంకొకరు. మరి లడ్డూల దారం పట్టే మనిషిని అందులో ఏ గడిలో రాయాలి?