సోవియట్ డైవింగ్ గడియారాల ప్రామాణికత: ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలు

ప్రవేశిక

పాత సోవియట్ సైనిక డైవింగ్ గడియారాన్ని చూడగానే ఎవరైనా అడిగేది "ఇది అసలుదేనా?" అనే. ఆ ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలగలిసి ఉన్నాయి. భాగాలు సోవియట్ కర్మాగారంలో తయారైనవేనా? అవన్నీ మొదటినుంచీ ఒకే గడియారానివేనా? ఆ గడియారం నిజంగా సైన్యం వాడిందేనా? వీటికి కావలసిన ఆధారాలు వేరువేరు. ఒకదానికి దొరికిన జవాబును మరోదానికి అంటగట్టడం వల్లనే ఈ రంగంలో పొరపాటు నిర్ణయాలు ఎక్కువవుతున్నాయని ఈ వ్యాసం ప్రతిపాదన. జ్లతోఊస్త్, చీస్తొపోల్ కర్మాగారాల గడియారాలు ఇందుకు ఉదాహరణలు.

1. జ్లతోఊస్త్: రేడియం సాక్ష్యం

1941లో జర్మన్ సేనలు మాస్కోను సమీపిస్తుండగా అక్కడి మొదటి గడియారాల కర్మాగారాన్ని తూర్పుకు తరలించారు. ఉరల్ ప్రాంతంలోని జ్లతోఊస్త్ కర్మాగారం అలా పుట్టింది. అది డైవర్ల కోసం చేసిన '191-చెఎస్' రకం గడియారం వ్యాసం దాదాపు 60 మి.మీ. క్రౌన్ మీద మర తిప్పి బిగించే మూత, ఆ మూత ఊడి పోకుండా చిన్న గొలుసు ఉంటాయి. లోపలి యంత్రం జేబు గడియారాల సంతతిది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో మూతపడిన డ్యూబర్-హాంప్‌డెన్ కంపెనీ యంత్రసామగ్రిని సోవియట్ ప్రభుత్వం కొని, 1930లో మాస్కోలో ఉత్పత్తి ప్రారంభించింది. ఆ వంశానికి చెందిన పెద్ద యంత్రమే ఇందులో ఉండాలి. గడియారం వెనక మూత తీస్తే చిన్న చేతిగడియారం యంత్రం, దాని చుట్టూ ఖాళీ పూడ్చే వలయం కనబడితే రెండో ప్రశ్నకు జవాబు అక్కడే తేలిపోతుంది.

ఈ గడియారాల అంకెలకూ ముళ్ళకూ రేడియం కలిపిన రంగు వేసేవారు. రేడియం-226 అర్ధాయువు 1600 ఏళ్ళు కాబట్టి నేటికీ గైగర్ కౌంటర్ స్పందిస్తుంది. రంగులో వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్ మాత్రం వికిరణం తాకిడికి కొన్ని దశాబ్దాల్లోనే చచ్చుబడిపోతుంది. అందువల్ల కౌంటర్ చప్పుడు చేస్తూ, చీకట్లో వెలగని డయల్ సహజమైనది. అంకెలు ధగధగ మెరుస్తున్నాయంటే రంగు తర్వాతి కాలంలో వేసిందే. ముళ్ళు ఏళ్ళ తరబడి ఒకే చోట ఆగిపోయి ఉంటే, వాటి కింద డయల్ కమిలి గోధుమరంగు మచ్చ పడుతుంది. లెన్స్‌లో చూసినప్పుడు ఆ మచ్చ ఆకారం ఇప్పుడున్న ముళ్ళకు సరిపోకపోతే ముళ్ళు మారాయని అనుమానించాలి.

ఈ సాక్ష్యానికి ఒక హద్దుంది. అదే కాలపు పనిముట్లలోనూ రేడియం వాడారు గనుక, పాత ముళ్ళను కొత్త డయల్ మీదకు చేర్చడం అసాధ్యం కాదు. పైగా రేడియం నుంచి రాడాన్ వాయువు వెలువడుతుంది. రాలిన రంగు పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదకరం. అందుకే మూత తీసే పని తగిన రక్షణ ఉన్న చోటే జరగాలి.

2. చీస్తొపోల్: నిర్మాణ సాక్ష్యం

యుద్ధకాలంలో రెండో మాస్కో కర్మాగారం నుంచి తరలివచ్చిన సామగ్రితో తాతార్‌స్తాన్‌లోని చీస్తొపోల్‌లో ఏర్పడిన కర్మాగారమే తర్వాత 'వోస్తోక్' అయింది. మిఖయీల్ నోవికోవ్, వేరా బేలోవాల రూపకల్పనతో 1967లో ఇక్కడ 'ఆంఫీబియా' వచ్చింది. అది 200 మీటర్ల లోతుకు ఉద్దేశించినది. వెనక మూత రెండు ముక్కలు: లోపల ఒక పళ్ళెం, దాన్ని పట్టి ఉంచే మర వలయం. వలయం తిరిగినా పళ్ళెం తిరగదు కాబట్టి రబ్బరు గాస్కెట్ మెలిపడదు. నీటి ఒత్తిడి పెరిగేకొద్దీ మందమైన అక్రిలిక్ అద్దం, వెనక పళ్ళెం లోపలికి అదుముకుని మరింత గట్టిగా మూసుకుంటాయి.

ఆంఫీబియా కేసు స్టెయిన్‌లెస్ స్టీలుది. అదే కర్మాగారపు సోవియట్ కాలం 'కమాందిర్‌స్కీ' గడియారాల్లో సాధారణంగా కనిపించేది క్రోమ్ పూత పూసిన ఇత్తడి. పట్టీ కొక్కెం దగ్గర పూత అరిగి పసుపు లోహం బయటపడితే, డయల్ మీద ఏ పేరున్నా ఆ కేసు ఆంఫీబియాది కాదు.

సోవియట్ యంత్రాల సంఖ్యలూ ఉపకరిస్తాయి. మొదటి రెండు అంకెలు యంత్రం వ్యాసాన్ని మిల్లీమీటర్లలోనూ, తర్వాతి రెండు దాని లక్షణాలనూ తెలుపుతాయి. తొలి ఆంఫీబియాల్లో 18 జ్యువెల్స్ ఉన్న 2209 వాడారు. తేదీ చూపని 2409, తేదీ చూపే 2414, తనంతట తాను కీ తిప్పుకునే 2416 తర్వాతివి. 1960ల నాటిదని చెప్పే గడియారంలో 2416 ఉంటే ఏదో ఒకటి మారిందన్నమాటే.

3. అక్షరాలు ఎంత నమ్మదగినవి?

డయల్ మీద 'జకాజ్ ఎంఓ ఎస్సెస్సెసార్', అంటే సోవియట్ రక్షణ మంత్రిత్వ శాఖ ఆర్డరు, అని కనిపించగానే సైనిక చరిత్ర రుజువైనట్టు భావించడం పెద్ద తప్పు. అలాంటి గడియారాలు 'వోయెంతోర్గ్' సైనిక దుకాణాల్లో అమ్మకానికి వచ్చాయి. సైనికుడు డబ్బిచ్చి కొనుక్కున్నదీ, దళం జారీ చేసిందీ ఒకటి కాదు. 1980ల చివరికి డయల్స్ మీది సైనిక బొమ్మలు విదేశీ మార్కెట్ల సరుకైపోయాయి. సోవియట్ సేనలు పాల్గొనని 'డెజర్ట్ షీల్డ్' సైనిక చర్య పేరుతో కూడా వోస్తోక్ డయల్స్ వెలువడ్డాయి. అవి అసలైన కర్మాగార ఉత్పత్తులే గాని సైనిక వస్తువులు కావు.

అక్షరాలూ ముద్రలూ ఎక్కువగా ఉపయోగపడేది కాలనిర్ణయంలో. ప్రభుత్వ నాణ్యతా ముద్ర 1967లో ప్రవేశించింది. కాబట్టి ఆ ముద్ర ఉన్న భాగం అంతకు ముందుది కాజాలదు.

ముగింపు

కావ్యప్రతిలో ప్రక్షిప్తాలను గుర్తించినంత మాత్రాన పరిష్కర్త ఆ ప్రతిని పారేయడు. ఏ పద్యం ఎప్పటిదో గుర్తు పెడతాడు. గడియారాల పరిశీలనకూ ఆ క్రమశిక్షణే అవసరం. డైవింగ్ గడియారం పనిముట్టు. పనిచేసినంత కాలం మరమ్మతులు తప్పవు. సైనిక మరమ్మతుశాలలో మార్చిన ముల్లునూ, నిన్న అమ్మకానికి అతికించిన ముల్లునూ ఒకే గాటన కట్టకూడదు. అన్నిటికన్నా ఆలస్యంగా తయారైన భాగమే ఆ గడియారపు ప్రస్తుత రూపానికి తొలి హద్దు. సైనిక వినియోగానికి మాత్రం జారీ పత్రాలో, తొలి యజమాని నుంచి తెగని చేతిమార్పుల చరిత్రో కావాలి. అందుకే సేకరణల జాబితాల్లో 'అసలు' అనే ఒక్క మాటకు బదులు తయారీ, కూర్పు, వినియోగం అనే మూడు గడులు ఉండాలి. మూడో గడి ఖాళీగా మిగిలినా, మొదటి రెండింటిలో తేలిన విలువ తగ్గదు.