ఆటోమౌంట్ (లినక్స్)

పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, బయటి హార్డ్ డిస్కు వంటివి తగిలించగానే లినక్స్ వాటిని తనంతట తానే డైరెక్టరీలలో చేర్చి, ఫైళ్లను అందుబాటులోకి తేవడమే ఆటోమౌంట్. డిస్కు రాకను మొదట కెర్నెల్ గుర్తిస్తుంది. దాని లేబుల్, ఫైల్ సిస్టమ్ రకం వంటి వివరాలను యూడెవ్ అనే సేవ సేకరిస్తుంది. డెస్క్‌టాప్ కోరినప్పుడు మౌంట్ చేసేది యూడిస్క్స్ అనే సేవ. ఉబుంటులో అయితే మీడియా డైరెక్టరీలో, వాడుకరి పేరున్న ఫోల్డరులో డిస్కు కనిపిస్తుంది.

తెలుగువారికి ముఖ్యమైనది ఫైళ్ల పేర్ల సంగతి. నాచారంలోని డీటీపీ షాపులో విండోస్‌పై ‘శుభలేఖ’ అని తెలుగులో పేరుపెట్టిన ఫైలు, ఉప్పల్‌లోని ఇంటి లినక్స్ కంప్యూటర్‌లోనూ అదే పేరుతో తెరుచుకోవాలి. ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ ఉన్న డిస్కులను యూడిస్క్స్ యూటీఎఫ్-8 ఎంపికతో మౌంట్ చేస్తుంది కాబట్టి ఇది సాధ్యం. చేత్తో మౌంట్ చేసేటప్పుడు ఆ ఎంపిక తప్పిపోతే అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు రావచ్చు. ఇంకొక ఇబ్బంది ఉంది. లినక్స్ ఫైల్ సిస్టమ్ అయిన ఈఎక్స్‌టీ4లో పేరుకు పరిమితి 255 బైట్లు. తెలుగులో అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ 3 బైట్లు. పెన్‌డ్రైవ్‌లో ఇమిడిన పొడవాటి తెలుగు పేరు ఈఎక్స్‌టీ4లో పట్టకపోవచ్చు.

డెస్క్‌టాప్ లేని సర్వర్లలో ఎఫ్‌స్టాబ్ ఫైలులో డిస్కు వివరం రాస్తారు. అక్కడ ‘నోఫెయిల్’ అనే ఎంపికను తప్పక చేర్చాలి. లేకుంటే డిస్కు లేనప్పుడు బూటింగే ఆగిపోవచ్చు.

కాపీ ముగిసినట్లు కనిపించినా కొంత డేటా ఇంకా మెమరీలోనే ఉండవచ్చు. ఎజెక్ట్ చేశాకే డిస్కు తీయండి.