దాహక దర్పణాల నుండి సౌర లేజరు వరకు

హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ హి.శ. 1357లో, అనగా క్రీ.శ. 1938లో, ఇబ్నుల్ హైథమ్ లఘుగ్రంథాలను అరబీలో ఒక సంపుటంగా ముద్రించింది. అందులో "అల్ మరాయా అల్ ముహ్రిఖా", అంటే ఎండను ఒకచోట చేర్చి మండించే అద్దాలను గురించిన రచనలు రెండున్నాయి. ఆ సంస్థ నేడున్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం యాకుత్‌పురాకు కొద్ది మైళ్ళ దూరమే. అయితే ఇటువంటి గ్రంథానికి అరబీతోపాటు రేఖాగణితమూ తెలిసిన పాఠకుడు కావాలి. ఆ రెండు చదువులు ఒకరిలో కలవడం అరుదు.

బస్రాలో పుట్టి, 1040 ప్రాంతాన కైరోలో మరణించిన ఈ పండితుడు చెప్పినది స్పష్టంగానే ఉన్నది. గోళాకార దర్పణం మీద పడిన కిరణాలన్నీ ఒకే బిందువును చేరవు. పరావలయాకార దర్పణం మాత్రం తన అక్షానికి సమాంతరంగా వచ్చిన ప్రతి కిరణాన్నీ ఒకే నాభికి పంపుతుంది. అంతకుముందే, 984 ప్రాంతాన, ఇబ్ను సహ్ల్ కటకాలతో మండించే పద్ధతిని కూడా వివరించినాడు. కిరణం వంగడానికి అతడు వాడిన నిష్పత్తి, తరువాత ఐరోపాలో స్నెల్ పేరిట ప్రసిద్ధి పొందిన సూత్రమేనని 1990లో రోష్దీ రాషెద్ చూపించాడు.

కాని దర్పణానికి ఒక హద్దున్నది. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పు గల బింబం. నూరు మీటర్ల దూరాన నాభి ఉంటే అక్కడ పడే వెలుగు మచ్చ ఇంచుమించు మీటరు వెడల్పుంటుంది. దూరం పెరిగినకొద్దీ మచ్చ పెరుగుతుంది, వేడి పలచబడుతుంది. ఆర్కిమెడీజ్ శత్రునౌకలను అద్దాలతో కాల్చాడనే కథకు చిక్కు ఇక్కడే.

ఈ హద్దును దాటించినది లేజరు. 1960లో మైమన్ కెంపు స్ఫటికానికి మెరుపుదీపంతో శక్తినిచ్చి తొలి లేజరును వెలిగించాడు. 1966లో అమెరికాలో యంగ్ ఆ దీపానికి బదులు ఎండనే వాడి, నియోడిమియం కలిపిన యాగ్ స్ఫటికం నుండి 1 వాట్ రాబట్టాడు. దర్పణం పోగుచేసిన ఎండలో కొన్ని రంగులను స్ఫటికం పీల్చుకొని, కంటికి కనిపించని ఒకే రంగు కిరణంగా విడుస్తుంది. ఆ కిరణం ఎంతో దూరం పోయినా అంతగా విచ్చుకోదు. అలాగని లేజరు ఇబ్నుల్ హైథమ్ గ్రంథంలోనే ఉన్నదనడం అభిమానమే గాని చరిత్ర కాదు. ఆయనది ఎండను చేర్చే గణితం. స్ఫటికం లోపలి సంగతి ఇరవయ్యో శతాబ్దపు భౌతికశాస్త్రానిది.

2012లో జపాన్ పరిశోధకులు 4 చదరపు మీటర్ల కటకంతో 120 వాట్లు సాధించారు, అంటే చదరపు మీటరుకు 30 వాట్లు. మిగిలిన ఎండలో చాలాభాగం వృథా అవుతుంది. స్ఫటికంలో చేరిన వేడి దానిని పగులగొట్టగలదు కూడా. 2025 ఏప్రిల్ 13న కర్నూలు వద్ద రక్షణ పరిశోధనా సంస్థ పరీక్షించిన 30 కిలోవాట్ల లేజరు విద్యుత్తుతో పనిచేసేది. అంత శక్తిని జపాన్ వారి లెక్కన ఎండనుండే తీయాలంటే వెయ్యి చదరపు మీటర్ల కటకం కావాలి.