రాళ్లే బడిగా చేసుకున్న పిల్ల

పిల్లలు జేబుల నిండా రాళ్లు ఏరుకొస్తే, "ఈ చెత్తంతా ఎందుకురా!" అని కసురుకుని పారేస్తాం కదూ? ఆ రాళ్లనే బడిగా చేసుకున్న ఓ పేదపిల్ల సంగతి చెబుతాను, వినండి.

ఇంగ్లండు దక్షిణ తీరాన లైమ్ రీజిస్ అనే చిన్న ఊరుంది. 1799లో మేరీ యానింగ్ అక్కడ పుట్టింది. తండ్రి వడ్రంగి. సముద్రపు కోతకు విరిగిపడే కొండచరియల్లో శిలాజాలు, అంటే రాయిగా మారిన పూర్వకాలపు జీవుల ఆనవాళ్లు, ఏరి అమ్మడం ఆయనే నేర్పాడు. 1810లో ఆయన పోయాడు. మిగిలినవి అప్పులే. మేరీకప్పుడు పదకొండేళ్లు!

మరుసటేడు అన్న జోసెఫ్‌కు చరియలో పెద్ద పుర్రె కనిపించింది. 1812లో మిగతా అస్థిపంజరాన్ని మేరీ వెతికి పట్టింది. అది ఇక్తియోసార్, ఏనాడో నశించిన సముద్రపు సరీసృపం.

ఆదివారపు బడిలో నేర్చిన నాలుగక్షరాలే ఆమె చదువు. శాస్త్రజ్ఞుల వ్యాసాలు అడిగి తెచ్చుకుని, బొమ్మలతో సహా చేత్తో ఎత్తి రాసుకునేది. చేపల్ని కోసి ఎముకల అమరిక చూసేది. చలికాలపు తుఫానులకు చరియలు విరిగితేనే కొత్తవి బయటపడేవి. ప్రాణాపాయమే! 1833లో ఆమె పెంపుడు కుక్క అలాగే చరియ కింద పడి చచ్చిపోయింది. అయినా ఆమె మానలేదు.

ఆమె తవ్వినవి కొని, వాటి మీద రాసి పండితులు పేరు తెచ్చుకున్నారు. చాలామంది ఆమెను తలవనైనా లేదు. లండన్ జియలాజికల్ సొసైటీ ఆడవాళ్లను సభ్యులుగా చేర్చుకున్నది 1919లో. మేరీ 1847లోనే కన్నుమూసింది.

అంచేత ఈసారి మీ అమ్మాయి రాయి తెస్తే పారేయకండి. "ఎక్కడ దొరికిందే?" అని అడిగి చూడండి.