అన్నానికి ధర చెప్పిన ఆడవాళ్ళు

"కిలో ఎంతమ్మాయ్?" అని అడిగింది మా అమ్మ స్నేహితురాలు. నేను పిన్నీ అని పిలుస్తాను. 2020 ఆగస్టు. గుంటూరులో మా ఇంటి వరండా. ఆమె చేతిలో గోంగూర పచ్చడి డబ్బా. నాలుగొందలు అనాల్సింది మూడొందలన్నాను. అది కూడా గట్టిగా అనలేక "మీకు తోచింది ఇవ్వండి పిన్నీ" అని ఓ తోక తగిలించాను. ఆమె రెండొందల యాభై నా చేతిలో పెట్టి, "పీహెచ్‌డీ చేసి పచ్చళ్ళమ్ముకోవాల్సి వచ్చింది, నీ ఖర్మ" అని జాలిపడి వెళ్ళిపోయింది.

అంతకు రెండు నెలల ముందు వరకూ నేనొక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు లెక్చరర్ని. లాక్‌డౌన్ మొదలయ్యాక సగం జీతమిచ్చారు, తర్వాత అదీ లేదు. జూన్‌లో ఫోనొచ్చింది. "ఈ ఏడాది మీ అవసరం లేదు మేడమ్." ఆరేళ్ళ కొలువు ఆ ఒక్క మాటతో అయిపోయింది. ఆ ఏడాది అలా వీధిన పడ్డ ప్రైవేటు టీచర్లు, లెక్చరర్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎందరో. అరటిపళ్ళ బండి పెట్టుకున్నవాళ్ళున్నారు, కూరగాయలమ్మినవాళ్ళున్నారు, ఉపాధి హామీ పనికి పలుగూ పారా పట్టుకుని వెళ్ళినవాళ్ళున్నారు. నాకు మా అమ్మ చేతి పచ్చళ్ళూ పొడులూ ఉన్నాయి కనుక వాటిని నమ్ముకున్నాను.

ఉద్యోగం పోయినందుకు ఏడ్చాను గానీ సిగ్గుపడలేదు. పచ్చడికి ధర చెప్పడానికి మాత్రం సిగ్గుతో చచ్చిపోయాను. క్లాసులో పాఠానికి జీతం తీసుకునేటప్పుడు లేని సిగ్గు, వంటింట్లో చేసినదానికి డబ్బు తీసుకునేటప్పుడు ఎక్కడినుంచి వచ్చింది? పుస్తకాల మధ్య బతికినదాన్ని కనుక జవాబు కోసం పుస్తకాల్లోకే వెళ్ళాను. మా పక్కనున్న ఒంగోలులో, దాదాపు నూట నలభై ఏళ్ళ కిందట, ఒకావిడ నాకు ఎదురైంది. ఆమె పేరు టంగుటూరి సుబ్బమ్మ.

సుబ్బమ్మ అంటే చాలామందికి తెలియదు. 1946లో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానమంత్రీ, 1953లో ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రీ అయిన టంగుటూరి ప్రకాశం పంతులు తల్లి అంటే తెలుస్తుంది. ప్రకాశం 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టాడు. తండ్రి గోపాలకృష్ణయ్య ఊరి లెక్కలు చూసే చిన్న ఉద్యోగి. పిల్లవాడికి పదకొండేళ్ళప్పుడు ఆయన పోయాడు. అంటే 1883 ప్రాంతం. 1876-78 నాటి ధాత కరువు ఈ నేలని పీల్చి పిప్పి చేసి అప్పటికి అయిదేళ్ళు.

ఆ కాలపు అగ్రవర్ణ స్త్రీకి ఉద్యోగం పోవడమంటే మొగుడు పోవడమే. జీతం ఆయన పేర వస్తుంది, చాకిరీ ఈమె చేస్తుంది. ఆయన పోయిన రోజున ఇద్దరి కొలువూ ఒక్కసారే పోతుంది. తర్వాత ఆమెకి లోకం చూపించే దారి ఒకటే. పుట్టింట్లోనో మరిది ఇంట్లోనో చేరి, జీతం లేని వంటమనిషిగా ఓ మూల బతకడం. సుబ్బమ్మ ఆ దారిన పోలేదు. ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపింది.

పూటకింత అని డబ్బు తీసుకుని అన్నం పెట్టే ఇల్లు పూటకూళ్ళ ఇల్లు. బెజవాడనీ మద్రాసునీ కలిపే రైలు మార్గం 1899లో గానీ పూర్తికాలేదు. అంతవరకూ తాలూకా కచేరీ పనులమీద ఒంగోలు వచ్చే మనిషి బండి కట్టుకునో కాళ్ళీడ్చుకుంటూనో రావాలి. వచ్చినవాడు ఆ పూటకి తిరిగిపోలేడు, ఎక్కడో ఒకచోట అన్నం తినాలి. ఊరికి అంత అవసరమైన పని అది. అయినా గౌరవం లేని పని. పూటకూళ్ళు పెట్టుకోవడాన్ని ఆనాటి సమాజం చిన్నచూపు చూసిందని ప్రకాశం జీవితం రాసినవాళ్ళు చెప్తూనే ఉంటారు. ఎందుకు చిన్నచూపు అన్న ప్రశ్న దగ్గర మాత్రం ఆగరు.

ఆ ఇంటి రోజుని ఒక్కసారి ఊహించండి. తెల్లవారకముందే లేచి మడికట్టుకోవాలి. ఇవాళ ఎందరొస్తారో అంచనా కట్టాలి. తక్కువైతే వచ్చినవాడు తిట్టిపోతాడు, మిగిలితే నష్టం. బియ్యానికీ కట్టెలకీ బేరమాడాలి. అరువు పెట్టాలి, ఆ అరువు రాబట్టాలి. మగవాడు చేస్తే వ్యాపార దక్షత అనే పనులివి. ఆమె చేస్తే "పాపం, పూటకూళ్ళు పెట్టి పిల్లల్ని సాకింది" అంటాం. 'పాపం' అన్న ఒక్క మాటలో ఆమె తెలివితేటలన్నీ కొట్టుకుపోతాయి.

ఆ సంపాదన చాల్లేదు. ప్రకాశం కలవారి ఇళ్ళలో పనులు చేశాడు. ఒకసారి పరీక్ష ఫీజు మూడు రూపాయలు కట్టాల్సి వచ్చింది. ఆ పిల్లవాడు మైళ్ళకి మైళ్ళు నడిచి బావగారి ఊరు వెళ్ళాడు, డబ్బు దొరకలేదు. చివరికి సుబ్బమ్మ తన పట్టుబట్ట తాకట్టు పెట్టి ఫీజు కట్టింది. ఈ కథని మనం మాతృత్యాగంగా చెప్పుకుంటాం. నాకిప్పుడు అది ఒక చిన్న వ్యాపారం తాలూకు జమాఖర్చుల కాగితంలా కనిపిస్తోంది. ఇంతమందికి అన్నం పెట్టే ఇంట్లో అత్యవసరానికి మూడు రూపాయల నిలవ లేదు. మడికట్టుకుని వండే మనిషికి పట్టుబట్ట సింగారం కాదు, పనిముట్టు. బహుశా ఆ పనిముట్టునే ఆమె కుదువబెట్టింది. ఇంటి నుంచి నడిపే వ్యాపారాల్లో ఈనాటికీ జరిగేది ఇదే. పెట్టుబడికీ పిల్లల ఫీజుకీ మధ్య గోడ ఉండదు.

సుబ్బమ్మ పేరైనా మనకి దక్కిందంటే, కొడుకు పెద్దవాడై 'నా జీవితయాత్ర' రాసుకోవడం వల్ల. పెద్దవాళ్ళు కాని కొడుకుల తల్లులు, కొడుకులే లేని పూటకూళ్ళమ్మలు ఏమయ్యారు? వాళ్ళలో ఒకామె మన సాహిత్యంలో ఉంది. 1892లో మొదటిసారి ప్రదర్శించిన 'కన్యాశుల్కం'లో పూటకూళ్ళమ్మ. ఎన్నోసార్లు పాఠం చెప్పాను ఆ నాటకాన్ని. ఆమెకి పేరు లేదని పిల్లలకి ఒక్కసారీ చెప్పలేదు, నాకే తట్టలేదు. సంతలో సామాను కొనిపెడతానని గిరీశం ఆమె దగ్గర ఇరవై రూపాయలు తీసుకుని మధురవాణి మీద ఖర్చుపెడతాడు. ఆమె చీపురుకట్ట పట్టుకుని వస్తే మనం పడీపడీ నవ్వుతాం. ఆమె కోపంలో అసూయ ఉందంటాం. అది పెట్టుబడి పోయిన మనిషి కోపమని మనకెందుకు అనిపించదు? సుబ్బమ్మ మూడు రూపాయలకి పట్టుబట్ట తాకట్టు పెట్టిన రోజుల్లో ఇరవై రూపాయలంటే ఎంత సరుకో లెక్కవేసి చూడండి.

ఇంకా వెనక్కి వెళ్తే, వినుకొండ వల్లభరాయని పేరుమీద ఉన్న 'క్రీడాభిరామం'లో కాకతీయుల ఓరుగల్లు పూటకూటింటి వర్ణన ఉంది. అక్కడ ఒక రూకకి దొరికే భోజనంలోని వంటకాలన్నీ కవి నోరూరేలా ఏకరువు పెడతాడు. ఆ ఇల్లు ఫలానా లక్ష్మణవజ్ఝలదని మగమనిషి పేరు కూడా చెప్తాడు. వండిన చేతులెవరివో ఆ పద్యంలో లేదు. ధర ఉంది, రుచి ఉంది, యజమాని ఉన్నాడు, సిగ్గు లేదు. అన్నం అమ్మడం దానికదే సిగ్గుపడే పని కాదన్నమాట. ఆడది ధర చెప్పినప్పుడే అది సిగ్గుమాలిన పనవుతుంది.

దీనికి మరో వైపు డొక్కా సీతమ్మ ఉంది. గోదావరి లంకల గన్నవరంలో ఆమె జీవితమంతా వచ్చినవాళ్ళకి ఉచితంగా అన్నం పెట్టింది. 1909లో కన్నుమూసింది. ఆమెని అపర అన్నపూర్ణ అన్నాం. సీతమ్మ గొప్పతనాన్ని నేను తగ్గించడం లేదు. కానీ సుబ్బమ్మా సీతమ్మా ఇంచుమించు ఒకే కాలంలో చేసింది ఒకే పని. అదే పొయ్యి, అదే పొగ, అదే విస్తరి. ఒకరి వెనక పొలాలున్న భర్త ఉన్నాడు. మరొకరి వెనక ఎవరూ లేరు. ఊరికే పెట్టినామె దేవత, ధర చెప్పినామె పూటకూళ్ళది. అంటే పితృస్వామ్యానికి ఆడవాళ్ళ వంటతో పేచీ లేదు, ఆ వంటకి వాళ్ళు లెక్క అడగడంతోనే పేచీ. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి మధ్యాహ్న భోజన పథకానికి సీతమ్మ పేరు పెట్టింది. ఆ బళ్ళలో వండే ఆడవాళ్ళకిచ్చేదాన్ని జీతమనరు, 'గౌరవ వేతనం' అంటారు. 2019లో దాన్ని నెలకి 1000 నుంచి 3000 రూపాయలకి పెంచారు. అన్నపూర్ణ పేరు చెప్పి అన్నం వండించుకోవడం చౌక.

ఇక్కడ నేను దాటెయ్యకూడని మాట ఒకటుంది. భర్త ఏమీ మిగల్చకపోయినా సుబ్బమ్మకి కులం మిగిలింది. బ్రాహ్మణ స్త్రీ వండితే అన్ని కులాలవాళ్ళూ తింటారు. ఆ రోజుల్లో ఆమె అసలు పెట్టుబడి అదే. ఒక మాల, మాదిగ స్త్రీ పూటకూళ్ళ ఇల్లు తెరవగలిగేదా? మా కారప్పొడికి ఎండుమిరపకాయల తొడిమలు తీసిపెట్టే ఆమె మా వీధి చివర పేటలో ఉంటుంది. నాకంటే పదేళ్ళు పెద్దది, అక్కా అంటాను. మిరప కోతలకీ పత్తితీతకీ పోయేది, కాయల సీజన్లో తొడిమల పనికి పోయేది. ఆ పనులు 2020లో ఆమెకీ పోయాయి. నాది 'ఉద్యోగం పోవడం', ఆమెది 'పనుల్లేకపోవడం'. నామీద జాలిపడిన పిన్ని ఆమెమీద జాలిపడలేదు. అక్క చేసిన గోంగూర పచ్చడి తిన్నాను, నాదానికంటే బాగుంటుంది. "నువ్వూ అమ్మకూడదా అక్కా" అంటే నవ్వి, "నాకాడ ఎవురు కొంటారమ్మా" అంది. ఆ ప్రశ్నకి నా థీసిస్‌లో జవాబు లేదు.

1980ల్లో డ్వాక్రా వచ్చింది, 1990ల్లో పొదుపు సంఘాలు ఊరూరా పాకాయి. ఉద్యోగం అడగొద్దు, అప్పు తీసుకుని సొంతంగా ఏదైనా పెట్టుకోమని అప్పట్నుంచీ ఆడవాళ్ళకి చెప్తూనే ఉన్నారు. సంఘాల వల్ల ఆడవాళ్ళు గడప దాటారు, బ్యాంకు మెట్లెక్కారు, అది నిజం. సూక్ష్మరుణ సంస్థల వేధింపులకి ప్రాణాలు తీసుకున్నదీ నిజమే. 2010లో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వాటికి కళ్ళెం వేయాల్సి వచ్చింది. సొంత వ్యాపారం అనగానే స్వేచ్ఛ అనుకోనక్కర్లేదు. సుబ్బమ్మని 'విజయగాథ' చేసి నేను మీ ముందు పెట్టడం లేదు. ఆమె గెలిచిందో లేదో ఆమె మాటల్లో మనకి తెలియదు. కొడుకు గెలిచాడని తెలుసు. 1972లో ఒంగోలు జిల్లాకి అతని పేరు పెట్టారు.

పిన్ని వెళ్ళిన రాత్రి నేనూ అమ్మా లెక్క వేసుకున్నాం. గోంగూర, మిరపకాయలు, నూనె, చింతపండు, గ్యాసు, డబ్బా. అన్నీ కలిపితే రెండొందల అరవై. ఆమె ఇచ్చింది రెండొందల యాభై. కాడలు తుంచి, ఆకు కడిగి ఆరబెట్టి, వేయించి, రుబ్బిన రెండు రోజుల పని ఆ లెక్కలో ఎక్కడా లేదు. మర్నాడు పుస్తకంలో 'కూలి' అని ఇంకో గడి గీశాను. తొడిమలు తీసిన అక్క పేరు రాశాను, ఎదురుగా డబ్బు వేశాను. నా పేరు రాశాను, కాస్త తడబడి దాని ఎదురుగా కూడా వేశాను. అమ్మ పేరు రాయబోతుంటే ఆవిడ పెన్ను పట్టుకుంది.

"నాకెందుకే కూలి? నా ఇంట్లో నేను చేసుకునేదానికి!"

ఇన్నేళ్ళయినా మా అమ్మతో ఆ వాదన తెగలేదు. ప్రతి నెలా ఆమె పేరు రాస్తాను, డబ్బు వేస్తాను. ప్రతి నెలా ఆవిడ ఆ డబ్బు తెచ్చి మళ్ళీ నూనె డబ్బాల ఖర్చులో కలిపేస్తుంది.