పన్నెండుగురు, ఒక గూటం

ట్రాక్టరు కుదుపుకు ట్రాలీ అంచు గట్టిగా పట్టుకోండి. ఇది కంకర బాట కాదు, పొలంలోకి పోయే మట్టి దారి. రాత్రి కురిసిన వాన గాళ్లలో నిలిచి ఉంది. మీ చుట్టూ మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, చెవుల మీదికి లాక్కున్న ఉన్ని టోపీలు, పొగలాగా బయటికొస్తున్న ఊపిర్లు. ఒకాయన ఒళ్లో కొత్తగా చెక్కిన కొయ్య గూటాల కట్ట ఉంది. ఇంకొకాయన కాళ్ల మధ్య సమ్మెట నిలబెట్టుకున్నాడు. మీ పక్కనున్న ముసలాయన మాత్రం ఏమీ తెచ్చుకోలేదు. ఆయన తెచ్చుకున్నది కళ్లే. ఆ సంగతి కాసేపట్లో మీకే తెలుస్తుంది.

నవంబరు ఆఖరు, గురువారం. ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌షైర్ కౌంటీ, లాక్స్‌టన్ అనే చిన్న ఊరు. ఈ రోజుకు వీళ్లు పెట్టుకున్న పేరు జ్యూరీ డే. ట్రాలీలో ఉన్నవాళ్లే జ్యూరీ. వీళ్లంతా ఈ పొలాలు దున్నుకునే రైతులే, నల్లకోటు వేసుకున్నవాడు ఒక్కడు కూడా లేడు. విచారణ నేల మీద, తీర్పు పబ్బులో భోజనాల దగ్గర.

దిగండి. జాగ్రత్త, ఇది ఎర్ర బంకమట్టి. నాలుగడుగులు వేసేసరికి ఒక్కో బూటు కిలో బరువెక్కుతుంది. మన నల్లరేగడి చేలో వానాకాలం నడిచినవాళ్లకు కొత్తేమీ కాదు, రంగు ఒక్కటే తేడా. గోధుమ మొలిచి కొన్నాళ్లే అయింది. వేలెడు మోసులు ఒక పక్క నుంచి చూస్తే పచ్చగా, ఇంకో పక్క నుంచి చూస్తే వట్టి మట్టిలాగా కనిపిస్తున్నాయి.

ఇప్పుడు తలెత్తి చూడండి. ఏదో లోటుగా ఉంది కదూ? ఇంగ్లండు పల్లె అనగానే కళ్ల ముందుకొచ్చే బొమ్మ, ముళ్లపొదల కంచెలతో గళ్లు గళ్లుగా కోసిన పచ్చదనం, ఇక్కడ లేదు. కంచె లేదు, తీగ లేదు, గేటు లేదు. కోస్తాలో గట్టనీ తెలంగాణలో ఒడ్డనీ సీమలో గెనిమనీ మనం పిలుచుకునేది కూడా లేదు. కనుచూపు మేర ఒకటే మైదానం. కానీ ఇది ఒక్కరి చేను కాదు. ఈ చివర నుంచి ఆ చివరకు పొడుగాటి పట్టీలుగా చీలి ఉంది. ఈ పట్టీ ఒకరిది, పక్కది ఇంకొకరిది, దాని పక్కది మరొకరిది. మొదటాయనకే ఊరికి అటువైపు మరో పొలంలో ఇంకో రెండు మూడు పట్టీలుంటాయి. మంచి నేల, చెడ్డ నేల, నీరు నిలిచే చోటు అందరికీ తలా కొంచెం రావాలని వెనకటివాళ్లు చేసిన ఏర్పాటు. ఊరికి ఇలాంటి ఉమ్మడి పొలాలు మూడు: వెస్ట్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్. ఒకదాంట్లో చలికాలపు గోధుమ, ఒకదాంట్లో వసంతంలో చల్లే పైరు, మూడోది బీడు. మరుసటేడు వంతులు మారతాయి. ఇప్పుడు బీడుకు బదులు పశువుల మేత పెంచుతున్నారు గానీ వంతుల లెక్క మాత్రం తప్పలేదు. ఏటా కొత్తగా గోధుమ చల్లిన పొలానికే జ్యూరీ వస్తుంది. ఈ ఏడు మిల్ ఫీల్డ్ వంతు అనుకుందాం. పేరులో ఉన్న గాలిమర ఇప్పుడు లేదు.

మరి గట్టే లేకపోతే హద్దు ఎక్కడుంది? ముసలాయన పట్టీ చివర నిలబడి ఒంటికన్ను మూశాడు. అవతలి కొసన ఇంకో మనిషి ఒక కర్ర నిలబెట్టి పట్టుకున్నాడు. మధ్యలో రెండు ఫర్లాంగులుంటుందేమో. ఈయన చెయ్యి కొంచెం ఎడమకు ఊపాడు. ఆ కర్ర ఎడమకు జరిగింది. ఇంకొంచెం. ఆపు. మీరు ఆయన భుజం మీదుగా చూస్తే మీకేమీ కనిపించదు, పచ్చటి మోసుల వరసలు తప్ప. ఆయనకు కనిపించింది. వరసలు మొదట్లో తిన్నగానే ఉన్నాయి, సగం దాటాక కాస్త కుడికి ఒరిగాయి. ఒక్క చాలంత ఒరుగు. పక్కవాడి పట్టీలోకి.

ఎవరూ గొంతు పెంచలేదు. బెత్తెడు వెడల్పున పారతో మట్టి తీశారు, గూటం మొన దించారు, సమ్మెట లేచింది. మొదటి దెబ్బకు మెత్తగా దిగింది. మూడో దెబ్బకు కింద ఆరని బంక తగిలి చప్పుడు మారింది. కొయ్య తల కొంచెం చితికి, తెల్లటి పీచు లేచి, పచ్చి చెక్క వాసన గాల్లోకి వచ్చింది. ఇంకో రెండు దెబ్బలు. ఒకరు బూటు మడమతో చుట్టూ మట్టి తొక్కారు. జ్యూరీ పెద్ద, ఫోర్‌మన్, జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఒక ముక్క రాసుకున్నాడు. పేరు ఎవరిదో మీరు అడగనక్కర్లేదు. పన్నెండుగురిలో ఒకాయన బూట్లకేసి చూసుకుంటూ నవ్వుతున్నాడు, మిగతావాళ్లు ఆయన్ని చూసి నవ్వుతున్నారు. ఈ జ్యూరీలో ఉన్న తమాషా అదే. హద్దు చూసేవాళ్లూ హద్దు దాటేవాళ్లూ ఒకే ట్రాలీలో వచ్చారు. ఈయన పట్టీ తేలాక పక్కాయన పట్టీ చూస్తారు, అప్పుడు నవ్వే వంతు ఈయనది.

కొలతల మాట వచ్చింది కాబట్టి, ఈ చలిలో చేతులు రుద్దుకుంటూ ఒక్క నిమిషం నిలబడి వినండి. మన పాత రోడ్ల పక్కన రాళ్ల మీద చెక్కి ఉండే ఫర్లాంగు ఇలాంటి పొలంలో పుట్టిన మాటే. ఇంగ్లీషులో దానర్థం చాలు పొడవు. ఎద్దులు ఒక ఊపున దున్నుకుంటూ పోయి, తిరగబోయే ముందు ఊపిరి తీసుకునే దూరం: 220 గజాలు. అంత పొడవు, 22 గజాల వెడల్పు ఉన్న పట్టీ ఒక అరకకు ఒక రోజు పని. దాని పేరే ఎకరం. గుణించి చూసుకోండి, 4,840 చదరపు గజాలు వస్తాయి. ఆ 22 గజాలే సర్వేవాళ్ల గొలుసు పొడవు. ఎడ్మండ్ గంటర్ అనే ఆయన 1620లో దాన్ని వంద లంకెలుగా విడగొట్టాడు. క్రికెట్ పిచ్ పొడవు కూడా అదే 22 గజాలు. గుంటూరులో ప్లాటు సెంట్లలో అడిగినా, వరంగల్లులో గుంటల్లో అడిగినా లెక్క ఆ గొలుసు దగ్గరికే పోతుంది. ఎకరంలో నూరోవంతు 48.4 గజాల సెంటు, నలభయ్యోవంతు 121 గజాల గుంట. లాక్స్‌టన్ పేరు ఎన్నడూ వినని మన రిజిస్ట్రారు ఆఫీసు రోజూ దస్తావేజుల మీద రాసేది ఎద్దులు అలిసిపోయే దూరాన్నే.

నడవండి. పొలం మధ్యలో ఈ పల్లపు చోటు చూశారా, గడ్డి పసుపెక్కి, అడుగు వేస్తే నీళ్లు చిమ్ముతోంది? దీన్ని వీళ్లు సైక్ అంటారు. నాగలి దిగబడే జాగా కాబట్టి ఎన్నడూ దున్నలేదు. దున్నలేదు కాబట్టి ఎరువూ మందూ సోకక, వేసవిలో ఇక్కడ పూలు విరబూస్తాయి. ఈ గడ్డిని ఏటా ఎండాకాలంలో వేలం వేసి, వచ్చిన డబ్బును ఉమ్మడి మేత హక్కున్నవాళ్లు పంచుకుంటారు. ఇది ఎవరి సొంతమూ కాదు కాబట్టి దీన్ని కొరుక్కోవడం అందరికన్నా తేలిక. ఫోర్‌మన్ ఈ అంచు దగ్గరే ఎక్కువసేపు వంగి చూస్తున్నాడు. పొరుగువాడి చాలు కలుపుకుంటే పొరుగువాడు ఊరుకోడు. ఊరి పోరంబోకును కలుపుకుంటే అడిగేదెవరు? ఇక్కడ అడిగేవాళ్లున్నారు, పన్నెండుగురు. పుస్తకంలో ఇంకో ముక్క పడింది.

ఒకప్పుడు ఇంగ్లండు నడిమి పల్లెల్లో ఊరూరా సాగు ఇలాగే ఉండేది. 1604 నుంచి 1914 లోపు పార్లమెంటు 5,200కు పైగా చట్టాలు చేసి, దాదాపు 68 లక్షల ఎకరాల ఉమ్మడి పొలాలకూ బీళ్లకూ కంచెలు వేయించింది. పట్టీలన్నీ కలిపి ఒక్కొక్కరికి ఒక్కచోట ముక్క ఇచ్చేశారు. దిగుబడి పెరిగిందంటారు, పెరిగే ఉంటుంది. మేత హక్కు తప్ప మరేమీ లేని బీదవాడు మాత్రం ఆవును అమ్ముకుని కూలికి పోయాడు. లాక్స్‌టన్‌ను కాపాడింది ఎవరి ముందుచూపో అయితే చెప్పుకోవడానికి బాగుండేది. నిజానికి కాపాడింది దొరల పేచీ. ఊరి భూమిలో ఎక్కువ భాగం ఎర్ల్ మాన్వర్స్‌ల చేతిలో ఉంటే, మిగతాదాంట్లో చెప్పుకోదగ్గ వాటా పక్కనున్న రఫర్డ్ ఎస్టేటుది. ఇద్దరికీ పొత్తు కుదరలేదు, ఖర్చెవరు పెట్టుకోవాలో తేలలేదు. తేలేలోపు కంచెల కాలమే వెళ్లిపోయింది. రెండెడ్ల పోట్లాటలో లేగదూడలు నలుగుతాయంటారు గానీ, ఇక్కడ ఆ పోట్లాట పుణ్యాన దూడ బతికిపోయింది.

దూరంగా ఊరి ఉత్తరపు కొసన చెట్ల మధ్య గుండ్రటి మట్టిదిబ్బ కనిపిస్తోందా? అది నార్మన్ల నాటి కోట. కోటలో ఇప్పుడు మిగిలింది మట్టే. దాని ప్రభువులు షెర్‌వుడ్ అడవికి, అవును, రాబిన్ హుడ్ కథల అడవికే, వంశపారంపర్యంగా కాపుదారులు. 1086 నాటి డోమ్స్‌డే లెక్కల పుస్తకంలో ఈ ఊరు లాక్సింట్యూన్. ఆ ప్రభువులు పోయారు, ఆ అడవి తరిగిపోయింది. పొలం ఉంది.

ఆ పొలం వెనకట ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఊహించుకోనక్కర్లేదు, పటం ఉంది. ఊరిని కొనుక్కున్న సర్ విలియం కోర్టెన్ తన సొమ్ము ఎక్కడెక్కడుందో చూసుకోవాలని 1635లో మార్క్ పియర్స్ చేత ఊరంతా కొలిపించాడు. ఆ పటం ఇప్పుడు ఆక్స్‌ఫర్డులో బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. పట్టీ పట్టీకీ గీత, గీత గీతకూ రైతు పేరు. ఖాళీ జాగాల్లో చీమంతేసి మనుషులు దున్నుతూ, కోస్తూ ఉంటారు. కొలతగాడికి ఆ బొమ్మలు వేయాల్సిన పనేమీ లేదు. నాకైతే ఆ పటంలో మిగతా అంతటికన్నా ఆ అక్కర్లేని బొమ్మలే ఇష్టం. అప్పుడు పట్టీలు రెండువేలకు పైనే. 1900ల మొదట్లో ఎస్టేటువాళ్లు పక్కపక్కవాటిని కలిపి వెడల్పు చేయబట్టి, వేలల్లో ఉన్నవి వందల్లోకి దిగాయి. అలా దిగబట్టే ఈ ఇరుకులో ట్రాక్టరు తిరుగుతోంది.

సన్నగా తుంపర మొదలైంది. ఇక చాలు, పదండి. మధ్యాహ్నం డవ్‌కోట్ ఇన్‌లో భోజనం. గుమ్మం దగ్గర బూట్ల వరస, లోపల తడి ఉన్ని వాసన. గాజు పలకల మీద ఆవిరి పట్టింది. అసలు కచేరీ ఇప్పుడే. ఫోర్‌మన్ పుస్తకం విప్పాడు. ఫలానా చోట చాలు ఒరిగింది, ఫలానా దారి మీద మట్టి పోశారు, ఫలానా కాలవ పూడిక తీయలేదు. ఒక్కోదానికి ఎంత వేద్దామని మాట్లాడుకుంటున్నారు. జరిమానా ఎవరినీ దివాలా తీయించేంత ఉండదు. దెబ్బ డబ్బు దగ్గర లేదు. వచ్చే గురువారం ఇదే పబ్బులో కోర్ట్ లీట్ అనే ఊరి కోర్టు కూర్చుంటుంది. భూస్వామి తరఫున స్టూవర్డ్ ఉంటాడు, ఊరి రైతులంతా ఉంటారు. అక్కడ పేరు పైకి చదువుతారు. తనకు అన్యాయం జరిగిందనుకున్నవాడు అక్కడే లేచి చెప్పుకోవచ్చు. ఆ పేరు చదివేటప్పుడు పడే మూడు క్షణాల నిశ్శబ్దాన్ని తప్పించుకోవడానికే వీళ్లు ఏడాదంతా తిన్నగా దున్నుతారని నా అనుమానం.

ఆ కోర్టు నియమించే ఉద్యోగుల్లో ఒకడు పిండర్. తప్పించుకున్న పశువులను పట్టి గోడకట్టిన దొడ్డిలో పెట్టడం, రుసుము కట్టించుకుని వదలడం ఆయన పని. ఇంతకన్నా వివరించనక్కర్లేదు, మన దగ్గర దీనికి బందెలదొడ్డి అన్న మంచి మాటే ఉంది. పశువుల చొరబాటు గురించి 1871లో తెల్లవాళ్లు మనకు చట్టం చేసినప్పుడు, వాళ్ల ఊళ్లలో ఇది వందల ఏళ్ల అలవాటు.

పక్క బల్ల దగ్గర వినండి, భూమి ఎవరిదన్న మాట నడుస్తోంది. ఇక్కడున్నవాళ్లు చాలామంది కౌలుదార్లే. ఎర్ల్ మాన్వర్స్ 1952లో ఊరిని వ్యవసాయ మంత్రిత్వ శాఖకు అమ్మాడు, ఉమ్మడి పద్ధతి చెడకుండా చూడాలన్న ఉద్దేశంతో. 1981లో అది క్రౌన్ ఎస్టేట్‌కు మారింది. 2018లో వాళ్లు అమ్మకానికి పెట్టినప్పుడు ఊరంతా గుండె చేతపట్టుకుంది. చివరకు 2020లో కొన్నది థోర్స్‌బీ ఎస్టేట్, అంటే పాత మాన్వర్స్‌ల వంశమే. డెబ్బై ఏళ్లకు దగ్గరపడుతుండగా తిరిగి ఆ గుమ్మానికే చేరింది.

నాలుగు కాకముందే చీకటి పడుతోంది. వెళ్లేముందు పొలం వైపు ఒకసారి రండి. తుంపర ఆగింది. పొద్దున నవ్వులపాలైన ఆయన మనకన్నా ముందే వచ్చాడు, ఒక్కడే. చాలు ఒరిగిన చోట కొత్త గూటం తెల్లగా కనిపిస్తోంది. దాని పక్కన నిలబడి, ఒంటికన్ను మూసి, అవతలి కొస దాకా చూశాడు. ఒకడుగు పక్కకు జరిగి మళ్లీ చూశాడు. తర్వాత చేత్తో గూటం తలను పట్టుకుని ఊపి చూశాడు. అది కదల్లేదు.